తువ్వాలు కింద బేరం

ఇట్టా రావే సౌందర్యా, ఆ ఫోను కాసేపు పక్కన పడేసి నా దగ్గర కూర్చో. కందికాయల చేట నీ ముందుకు జరుపుకో. చెవులు నాకియ్యి, చేతులు చేటలో పెట్టు. కథా అవుతుంది, కూరా అవుతుంది.

పెదకూరపాడు నుంచి మీ మామ్మ మాణిక్యమ్మ ఇంటికి సెలవులకని వచ్చావు. వచ్చిన కాడి నుంచి చూస్తన్నా, నీకు ఒకటే రంధి. లాప్‌టాపు కొత్తది దిగిందంట, పోయినేటిదే కొనాలా, ఈ ఏటిది కొనాలా అని పొద్దస్తమానం ఆ ఫోనులో ఎవడో చెప్పేది వినటం, నిట్టూర్చటం. మీ మామ్మేమో "దాన్నడుగు పో, నాగేంద్రమ్మను. వాళ్లింట్లో లాప్‌టాపుతోనే గదా పెద్ద గొడవయింది" అని నిన్ను నా మీదకి తోలింది. నవ్వుతా తోలింది, నాకు తెలుసు. ఊళ్లో ఇప్పటికీ నవ్వుతానే ఉన్నారు.

నాకు అక్షరాలు సరిగా రావు. మూడో క్లాసులో పలక పగిలింది, మళ్లీ కొనియ్యలా, అంతటితో సరి. కానీ చెవిన పడ్డ మాట మాత్రం పోదు. కాబట్టి విను.

మా మనవడు గోపీనాథ్‌ని నువ్వు చూశావు గదా, పొద్దున పాలు పోసిపోయాడే, ఆడు. వాళ్లమ్మా నాన్నా మాచర్ల పక్క రాళ్ల క్వారీలో పనికుంటారు. వీణ్ని పెంచింది నేనూ, మీ తాతా. తాతంటే మా ఆయన. పేరు నేను చెప్పకూడదు గానీ, సంతలో ఎవర్నడిగినా కొండలు అని చెప్తారు. ఎడ్ల బేరగాడు. బండలాగుడు గిత్తలు కొనాలన్నా అమ్మాలన్నా ఈ చుట్టుపక్కల ఆయన చెయ్యి పడాల్సిందే.

ఆ చెయ్యి గురించి నీకు చెప్పాలి. ఎడ్ల సంతలో ధర నోటితో చెప్పరు. చుట్టూ జనం మూగి ఉంటారు గదా, ఒకడు ఎంత అడిగాడో ఇంకొకడికి తెలిస్తే బేరం చెడుద్ది. అందుకని భుజం మీద తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పుతారు. కింద వేళ్లతో మాట్లాడుకుంటారు. ఈ వేలు పట్టుకుంటే ఇంత, ఆ వేలు కణుపు తడిమితే ఇంత. ఒప్పుకున్నవాడు ఎదుటోడి నడిమివేలు గట్టిగా నొక్కుతాడు. అంతే, కుదిరినట్టు. పైన మొహాలు మాత్రం గోడల్లాగా ఉంటాయి.

మా గోపీ నడక రాకముందే తాత ఒళ్లో కూర్చుని ఆ తువ్వాలు కింద చెయ్యి పెట్టినోడు. అన్నం ముద్ద కోసం కూడా నా వేలు నొక్కేవాడు.

పెద్దయ్యాక ఆడికి ఇంకో పిచ్చి పట్టింది. గిత్తలను ఫోనులో వీడియోలు తీసి పెడతాడు. ఎదురొమ్ము ఎట్టుంది, మూపురం ఎట్టుంది, నడక ఎట్టుంది అని పక్క నుంచి చెప్తా తీస్తాడు. కృష్ణ దాటి అవతల వాళ్లు కూడా ఆ వీడియోలు చూసి గిత్తల కోసం వస్తారు. ఇంతా చేసి ఆడి మొహం ఒక్కదాంట్లోనూ ఉండదు. "నా మొహం ఎవడు కొంటాడు నాయనమ్మా, గిత్త మొహం చాలు" అనేవాడు.

ఆ వీడియోలు కత్తిరించి అతికించటానికి ఫోను చాలటంలా. వేడెక్కి ఆగిపోతంది. లాప్‌టాపు కావాలన్నాడు.

నువ్వు అడుగుతున్న ఈ పంచాయితీయే ఆడూ పడ్డాడు. పోయినేటిదా, ఈ ఏటిదా. దానికి కొత్త రకం ఏదో పెట్టారంట, ఏఐ అని ఒక మీట పెట్టారంట. గొడ్లకు నీళ్లు పెడతా కూడా అదే గొణుగుడు. "అది నిజంగా మారిందా, ఊరికే మువ్వలు మార్చి అమ్ముతున్నారా" అని.

తాత విసుక్కున్నాడు. "ఒరేయ్, గిత్తను ఫోటో చూసి కొంటావంట్రా? పోయి పట్టుకు చూడు" అన్నాడు.

ఆ వారంలోనే గోపీ నన్ను నరసరావుపేట కళ్ల ఆసుపత్రికి తీసకపోయాడు. డాక్టరు నా కళ్లలో ఏవో చుక్కలేసి, సాయంత్రం దాకా మసగ్గా ఉంటుంది, భయపడమాకు అన్నాడు. బయటికొస్తే లోకమంతా పాలల్లో ముంచినట్టుంది. "పక్కనే లాప్‌టాప్ షాపు ఉంది నాయనమ్మా, చల్లగా ఏసీలో కూర్చుందువుగాని దా" అని నన్ను చెయ్యి పట్టుకుని అందులోకి నడిపించాడు.

కాబట్టి అక్కడ జరిగిందంతా నేను విన్నానే గాని చూడలా. చూసినోళ్లందరూ తప్పు చూశారు కాబట్టి, నేను విన్నదే మేలు.

నన్ను ఒక మెత్తటి కుర్చీలో కూలేశాడు. అటు పక్క నుంచి ఒక ఆడపిల్ల గొంతు వినపడింది. చక్కటి గొంతు, బెరుకు లేదు.

"ఏం చూస్తారు సార్?"

"లాప్‌టాప్ అండీ. ఇది పోయినేటిది, ఇది కొత్తది. రెంటికీ తేడా ఏంది?"

"కొత్తది అప్‌డేటెడ్ సార్. ప్రాసెసర్ మార్చారు. ఏఐ బటన్ ఇచ్చారు. చాలా ఫాస్ట్."

"ఫాస్ట్ అంటే?"

"ఫాస్ట్ అంటే... ఫాస్టే సార్."

"పోయినేటిది కుంటుతుందా అయితే?"

ఆ పిల్ల నవ్వు ఆపుకున్న చప్పుడు విన్నా. వెనక నుంచి ఒక మగ గొంతు దగ్గింది. షాపు ఓనరు. "నాగవేణీ, సారుకు కొత్త స్టాకే చూపించు" అన్నాడు.

అప్పుడు మా వాడు ఆ యంత్రాన్ని చేతికి తీసుకున్నాడు. మూత తెరవటం, మూయటం. మళ్లీ తెరవటం. తిరగేయటం. వీపు మీద వేళ్లతో తట్టటం. గిత్తను చూసినట్టే చూస్తన్నాడని నాకు చప్పుడును బట్టే తెలిసింది.

ఇంకో పిల్ల గొంతు కిసుక్కుమంది. పేరు జెబా అని తర్వాత తెలిసింది, అక్కడే పని. "అన్నా, పళ్లు సరిగానే ఉన్నాయా?" అంది.

మా వాడు ఏమాత్రం తడుముకోలా. "పళ్లు బానే ఉన్నాయి. గిట్టలే కాస్త పలచన" అన్నాడు. అడుగున ఉండే రబ్బరు బిళ్లలంట, ఆటిని చూపించి అన్నాడు.

ఈసారి నాగవేణి పైకే నవ్వింది. ఆ నవ్వు విన్నాక మా వాడి గొంతు ఎట్టా మెత్తబడిందనుకున్నావు, వెన్నలో కత్తి దిగినట్టు. "మీరే చెప్పండి" అన్నాడు. "నేను గిత్తల వీడియోలు ఎడిట్ చేసుకుంటా. నాకు ఏది పనికొస్తుంది?"

"అంటే సార్..." అంది ఆ పిల్ల.

ఓనరు మళ్లీ దగ్గాడు.

"కొత్తదే తీసుకోండి సార్. అదే బెటర్" అంది నాగవేణి. గొంతులో ఇందాకటి తేట లేదు.

అప్పుడే వాన దంచటం మొదలెట్టింది. బజారులో పోయే జనమంతా తడవకుండా షాపులో దూరారు. మిరపకాయల కొట్టాయన, స్కూలు పిల్లలు, సంచులు మోసే ఆడోళ్లు, అందరూ. నా ఒళ్లో ఎవరిదో తడి గొడుగు. లాప్‌టాపు కొనేవాడంటే ఎగ్జిబిషన్ లాగా అందరూ కౌంటరు చుట్టూ మూగారు.

చూశావా, జనం మూగారు. సంత లాగా.

"చివరి మాట చెప్పండి" అన్నాడు మా వాడు.

"ఫిక్స్‌డ్ రేట్ సార్."

"ఫిక్స్‌డ్ అనేది గుంజలకే అండీ, బేరానికి ఉండదు."

అని, భుజం మీది తువ్వాలు తీసి, కౌంటరు మీదున్న ఆ పిల్ల చేతి మీద కప్పి, కింద చెయ్యి పెట్టాడంట.

ఆడికి తెలిసి చేయలా సౌందర్యా. దోమ వాలితే చెయ్యి ఎట్టా లేస్తుందో అట్టా లేచింది ఆ చెయ్యి. చుట్టూ జనం, ఎదురుగా బేరం, భుజాన తువ్వాలు. పుట్టిన కాడి నుంచి ఆడికి తెలిసింది అదే. ఎదురుగా ఉన్నది మీసాల రైతు కాదని, ఆడపిల్లని, ఆ చేతికి గుర్తు రాలా.

తర్వాత మా వాడి గొంతు, సంతలో అరిచినట్టే, సంతోషంగా: "కుదిరింది."

"ఏం కుదిరింది?" అన్నాడు ఓనరు.

"ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాడయ్యా" అన్నారెవరో.

"తువ్వాలు కప్పి మరీ పట్టుకున్నాడు" అన్నారు ఇంకెవరో.

"అయ్యో, బేరమండీ అది" అన్నాడు మా వాడు. అంతటితో ఆగితే సరిపోయేది. ఆగలా. "ఊరికే పట్టుకోలేదండీ. ఆమె కూడా నా వేలు నొక్కింది."

చెప్పుతో కొట్టినా ఆ మాట అంత చప్పుడు చేయదు. షాపంతా ఒక్కసారి నవ్వింది. ఎవరో ఈల వేశారు. జెబా ఆ తువ్వాలు లాగి వాడి మొహాన కొట్టింది, గుడ్డ చప్పుడు నాకు వినపడింది. నాగవేణి చెప్పులు టకటకలాడతా లోపలికి పోయిన చప్పుడు, తలుపు మూసిన చప్పుడు. అంతే.

లాప్‌టాపు కొనకుండానే బయటపడ్డాం. ఆటోలో మా వాడు అడిగాడు. "నేనేం చేశాను నాయనమ్మా?"

"ఏం చేశావో నాకు కనపడలా నాయనా. ఏమన్నావో వినపడింది. ఆమె కూడా నొక్కింది అన్నావు, అంతమందిలో."

నేను చెయ్యి పట్టుకోబోతే చెయ్యి లాక్కున్నాడు. ఆ చెయ్యి అంటేనే ఆడికి అసహ్యం పుట్టింది.

మేం ఇల్లు చేరేలోపలే అది ఊరు చేరింది. షాపులో ఎవడో ఫోనులో తీశాడు. తువ్వాలు కప్పటం, కుదిరింది అనటం, ఆమె కూడా నొక్కింది అనటం, అంతా అందులో ఉంది. దానికి ఒక పాట కూడా తగిలించి పంపారంట. పాలకేంద్రం దగ్గర అదే, బస్సులో అదే. సంతలో తాతను పట్టుకుని, "ఏం కొండలు మావా, మనవడు కోడెను వదిలేసి పెయ్యను బేరమాడాడంటగా" అని ఒకడు అన్నాడు. మా ఆయన యాభై ఏళ్ల సంతలో తలెత్తి తిరిగిన మనిషి, ఆ రోజు తలపాగా విప్పుకుని, మధ్యలోనే ఇంటికొచ్చేశాడు.

"నేను నేర్పిన పనే గదా" అన్నాడు నాతో.

గోపీ తువ్వాలు వేసుకోవటం మానేశాడు. వీడియోలు మానేశాడు. గొడ్లచావిట్లోనే కూర్చునేవాడు. నేను అన్నం పట్టుకుపోతే, "ఆడపిల్ల పరువు మీద నుంచి నడిచి నా పరువు కాపాడుకోబోయా నాయనమ్మా" అన్నాడు. చిన్నప్పటి నుంచి చూస్తన్నా, గిత్త పొడిచినప్పుడు కూడా ఆడు అట్టా ఏడవలా.

ఒక రోజు ఆడి ఫోనుకు జెబా ఫోను చేసింది. వీడియోల కింద నంబరు ఉంటుంది గదా. నేను పక్కనే పేడ ఎత్తుతున్నా. స్పీకరులో ఉంది.

"ఏమన్నా, నిద్ర పడుతోందా?" అంది.

"లేదమ్మా."

"వేణికి కూడా పడట్లేదు. షాపుకు రావట్లేదు. ఓనరేమో, నీ మీద కస్టమర్లు జోకులేస్తున్నారు, కొన్నాళ్లు ఇంట్లో ఉండు అన్నాడు. వాళ్ల నాన్న టిప్పరు డ్రైవరు, శావల్యాపురం. ఊళ్లో అందరూ ఆయన్ని అడుగుతున్నారు, మీ అమ్మాయి ఏ వేలు నొక్కింది అని."

"నేను వాళ్లింటికి పోయి కాళ్లు పట్టుకుంటా."

"ఇంకా నయం. చెయ్యి పట్టుకుంటేనే ఇంతయింది. కాళ్లు కూడా పట్టుకుని ఊరంతా చూపిస్తావా?"

"మరి ఏం చెయ్యమంటావు చెప్పు."

"నాకేం తెలుసు? తప్పు పదిమందిలో చేసి, క్షమాపణ చాటుగా చెప్పుకుంటానంటే ఎట్టా?" అని పెట్టేసింది.

ఆడు లేచి మొహం కడుక్కున్నాడు. ఫోనును గొడ్ల గాటి మీద నిలబెట్టి, దాని ముందు గడ్డివామికి ఆనుకుని నిలబడ్డాడు. ఎప్పుడూ గిత్తలు నిలబడే చోట.

"ఈ ఛానల్లో ఇంతవరకూ నా మొహం చూపించలేదు" అన్నాడు. "ఇవాళ చూపిస్తున్నా. ఆ క్లిప్పులో ఉన్నోణ్ని నేనే."

తువ్వాలు బేరం అంటే ఏందో చెప్పాడు. తాత చెయ్యి తన చేతిలో పెట్టి, వేళ్లు ఎట్టా పట్టుకుంటారో చూపించాడు. మా ఆయన కూడా వచ్చి చెయ్యి ఇచ్చాడు, పాపం, నేల చూపులు చూస్తా. "షాపులో పనిచేసుకునే అమ్మాయి చేతి మీద అడక్కుండా చెయ్యి వేశాను. తప్పు. ఆమె ఉలిక్కిపడి వేలు కదిలిస్తే, దాన్ని ఒప్పుకోవటం అనుకున్నా. అది ఇంకా తప్పు. అందరూ నవ్వితే, నా పరువు కోసం ఆమె పేరు మధ్యలోకి లాగాను. అదే అన్నిటికన్నా పెద్ద తప్పు. ఆమె తప్పు ఇసుమంత లేదు. నవ్వాలనుకుంటే నన్ను చూసి నవ్వండి, ఇదిగో నా మొహం."

ఇంత మాటా ఆడు కన్నీళ్లు ఆపుకుంటా చెప్తావుంటే, పక్కనున్న మా తెల్లగిత్త మెడ సాచి ఆడి తల నాకుతానే ఉంది. జుట్టంతా ఒక పక్కకి నిక్కింది. ఆడు దాన్ని నెట్టలా. అది తీసేసి మళ్లీ తియ్యరా అన్నాను. "వద్దు నాయనమ్మా. సిగ్గు పోవాలంటే పూర్తిగానే పోనీ" అన్నాడు.

నవ్వారు జనం. నవ్వకుండా ఎట్టా ఉంటారు, గిత్త నాకుతుంటే. కానీ ఆ నవ్వు వేరే. సంతలో తాతను ఎగతాళి చేసినోడే వచ్చి, "మావా, మనవణ్ని మగాడిలా పెంచావు" అనిపోయాడు.

ఆ తర్వాత ఒక పొద్దున్నే మా ఇంటి ముందు టిప్పరు లారీ ఆగింది. నేల అదిరింది. దాంట్లోంచి ఒకాయన దిగాడు, లుంగీ పైకి కట్టి, చేతులకు రాతిదుమ్ము.

"గోపీనాథ్ అంటే ఎవరు?"

మా ఆయన అడ్డం పోయి నిలబడ్డాడు. "వాణ్ని ఏమనమాకయ్యా. నేర్పింది నేను. కొట్టాలనుకుంటే నన్ను కొట్టు" అన్నాడు.

"నేను కొట్టటానికి రాలేదు పెద్దాయనా. నా పేరు బ్రహ్మం. మా అమ్మాయి తనను ఇక్కడికి తీసకెళ్లమంటే వచ్చా. నాకు చెప్పని మాటేదో మీ వాడికి చెప్పాలంట" అన్నాడు. మాట మోటుగానే ఉంది గాని, మనిషి అలిసిపోయి ఉన్నాడు.

లారీ తలుపు తీసుకుని ఆ పిల్ల దిగింది. ఈసారి నా కళ్లు బాగున్నాయి. సన్నగా, నల్లగా, పెద్ద కళ్లు. పోట్లాటకొచ్చిన దానిలాగా నడిచింది.

గోపీ చావిట్లోంచి వచ్చి దూరంగా ఆగిపోయాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు, ఎవరో కట్టేసినట్టు.

"మీ వీడియో చూశా" అంది. "అందులో ఒక అబద్ధం ఉంది."

"ఏందండీ?"

"నేను ఉలిక్కిపడి వేలు కదిలించాను అన్నారు. నేను ఉలిక్కిపడలేదు. నొక్కాను. కావాలనే నొక్కాను."

బ్రహ్మం కూతురి వంక చూశాడు. నేను కొంగు నోటికడ్డం పెట్టుకున్నా.

"మీరు కొత్త లాప్‌టాప్ కొంటున్నారు" అంది. "అది మీకు పనికిరాదు. పేరు పక్కన అంకె మారింది, ఆ బటన్ వచ్చింది, అంతే. మీ వీడియోలకు కావాల్సింది మెమరీ. పాతదాంట్లో తర్వాత పెంచుకోవచ్చు. కొత్తదాంట్లో అతికించేశారు, పెంచటానికి వీల్లేదు. ఆ మాట మీకు చెప్పాలని ఎంతసేపు చూశాను, కళ్లతో సైగ చేశా, పాతదాని వైపు చూపించా. మీరేమో నన్నే చూస్తన్నారు."

"మీరు నన్ను చూస్తన్నారనుకున్నా" అన్నాడు మా వాడు, నేల మీద మాట పారేసినట్టు.

"వెనక ఓనరు ఉన్నాడు. కొత్తది అమ్మకపోతే ఊరుకోడు. నమ్మి అడిగిన మనిషికి అబద్ధం చెప్తున్నానని నాకు ఎంత సిగ్గేసిందో. అప్పుడు మీరు తువ్వాలు కప్పారు. ఓనరుకు కనపడని చోటు అదొక్కటే దొరికింది. అందుకని, కొనమాకండి అని వేలు నొక్కాను. గట్టిగా నొక్కాను."

గోపీ మొహంలో రంగు పోయింది. "మీరు వద్దు అంటే, నేను కుదిరింది అని అరిచానా."

"ఊరంతా వినేట్టు."

మా ఆయన తల పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. "నడిమివేలేనా తల్లీ నొక్కింది?" అన్నాడు.

"ఏది దొరికితే అది నొక్కాను తాతా. మీ వేళ్ల లెక్కలు నాకేం తెలుసు."

బ్రహ్మానికి ముందు నవ్వొచ్చింది. ఆపుకోలేక లారీ టైరుకు ఆనుకుని నవ్వాడు. ఇన్నాళ్లూ ఊళ్లో మింగిన మాటలన్నీ ఆ నవ్వులో పోయాయి. "ఇంత మాట నాకు చెప్తే ఏమయ్యేదే?" అన్నాడు కూతుర్ని.

"ఎట్టా చెప్పను నాన్నా? అబద్ధం చెప్పి సరుకు అమ్ముతున్నా అని చెప్పనా?" ఆ పిల్ల తల దించుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. "ఇంకోటి కూడా ఉంది."

"ఇంకా ఏందే?"

"నొక్కిన తర్వాత చెయ్యి తీసేయొచ్చు. తీయలేదు. అది మాత్రం ఈయన తప్పు కాదు."

అని, పోట్లాటకొచ్చినంత వేగంగానే పోయి లారీ ఎక్కి తలుపేసుకుంది.

మా వాడు ఆ లారీ పోయినా అక్కడే నిలబడ్డాడు. చేతులు మాత్రం వెనక నుంచి ముందుకొచ్చాయి.

తర్వాత ఆడు పాతదే కొన్నాడు. వేరే షాపులో, చిలకలూరిపేటలో. అక్కడికి నాగవేణి, వాళ్ల నాన్న కూడా వచ్చారు. జెబా సెలవు పెట్టి మరీ వచ్చింది, "ఈసారి క్లిప్పు నేను తీస్తా" అని. మా వాడు ప్రతిదానికీ ఆ పిల్లను రెండుసార్లు అడగటం. "ఇది తీసుకోమంటారా?" "తీసుకోండి." "తీసుకోమనేగా?" "అవునండీ బాబూ, నోటితోనే చెప్తున్నా."

ఆ షాపులో ఎడిటింగు కూడా నేర్పుతారంట, ఆ పిల్ల అక్కడే పనిలో కుదిరింది. పాత ఓనరు మళ్లీ పిలిచాడు గాని పోలా. మా వాడికి ఎడిటింగులో రోజూ ఏదో ఒక డౌటు. ఇంత తెలివైనోడికి అన్ని డౌట్లు ఎందుకొస్తాయో అడగమాకు. ఫోనులో ఆ పిల్ల తిట్టటం, ఈడు నవ్వటం. "గిత్త నడక అంత స్లోమోషన్లో పెడితే ముసలిది అనుకుంటారు" అనేది. "మీరు చూస్తే నేనూ అట్టానే నడుస్తా" అనేవాడు. నేను చెవిటిదాన్ననుకునేవాళ్లు.

చివరికి బ్రహ్మం మళ్లీ వచ్చాడు. ఈసారి టిప్పరు కాదు, కారు మాట్లాడుకుని, ఇంట్లో ఆడోళ్లతో. మాచర్ల నుంచి మా కొడుకూ కోడలూ వచ్చారు. పెద్దోళ్ల మాటలు అయ్యాయి. బ్రహ్మం కూతుర్ని అడిగాడు, "ఏమే, నీకిష్టమేనా? అందరి ముందు చెప్పు" అని.

షాపు నిండా జనంలో నవ్వుల పాలయిన పిల్ల అది. మళ్లీ గది నిండా జనం. ఎప్పుడూ గలగలా మాట్లాడేది, నోట్లోంచి మాట రాలా. తల వంచుకుని చాప అంచు పీకుతా కూర్చుంది. వాళ్లమ్మ మోచేత్తో పొడిచింది. మా గోపీ మొహం పాలిపోయింది, అడిగి ఇబ్బంది పెట్టామని.

అప్పుడు మా ఆయన లేచాడు. అప్పటిదాకా మూలన చిలక్కొయ్యకు వేలాడతన్న తువ్వాలు తీశాడు. ఆ వాన రోజు నుంచి దాన్ని ఎవ్వరూ భుజాన వేసుకోలా. ఉతికి ఇస్త్రీ చేయించి పెట్టాడంట ముసలాయన, నాకు కూడా చెప్పకుండా.

"తల్లీ, ఇంతమందిలో నోటితో చెప్పటం ఎవరికైనా కష్టమే" అన్నాడు. "దీనికోసమే మా తాతలు ఇది పెట్టారు."

ఇద్దరి మధ్యా పరిచాడు.

సౌందర్యా, ఇక్కడ బాగా విను. గోపీ ఆ పిల్ల చెయ్యి పట్టుకోలా. తన చెయ్యి వెల్లకిలా పెట్టి, తువ్వాలు కింద ఊరికే ఉంచాడు. ఉంచి, కళ్లు మూసుకున్నాడు. చానాసేపు ఆ తువ్వాలు కదల్లా. నాకయితే లేచి నేనే పెట్టేద్దామనిపించింది.

తర్వాత రెండో అంచు మెల్లగా లేచింది. కింద ఒక చెయ్యి నడుచుకుంటా పోయినట్టు గుడ్డ మీద అల కదిలింది.

మా వాడి మొహం ఎర్రగా అయింది, చెవుల దాకా.

"ఏందిరా?" అన్నాడు బ్రహ్మం ఆగలేక. "కుదిరిందా?"

మా వాడు కళ్లు తెరిచి ఆ పిల్లనే అడిగాడు. "ఇది వద్దు అనా, ఊ అనా?"

"నడిమివేలే నొక్కాను" అంది తల ఎత్తకుండా. "తాత దగ్గర నేర్చుకున్నా."

ఇదీ కథ. లోపల గదిలో ఇప్పుడు టకటకలాడేది అదే లాప్‌టాపు, పోయినేటిది కాస్తా అటు ముందేటిది కూడా అయింది. మూత మీద పసుపు చుక్క నేనే పెట్టా. దాని ముందు కూర్చుని ఇంకా చాలదు, ఇంకా కత్తిరించు అని మొగుణ్ని తిట్టేది ఎవరనుకున్నావు?

నీ లాప్‌టాపు సంగతంటావా, ఏది కొనాలో నాకు తెలవదే తల్లీ. కానీ అమ్మేవాళ్ల వెనక ఓనరు నిలబడి దగ్గనప్పుడు అడుగు. లోపలికి పో, వేణి చెప్తుంది, తువ్వాలు లేకుండానే చెప్తుంది.

పోయేముందు ఒక మాట. ఆ క్లిప్పు ఇంకా జనం ఫోన్లలో తిరుగుతానే ఉంది. రేపు మీ కాలేజీలో ఎవరన్నా నీకది చూపించి నవ్వుతారు. అందులో పైన మొహాలే ఉంటాయి. తువ్వాలు కింద ఏం జరిగిందో ఉండదు. అప్పుడు నువ్వు ఆ ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి, మా నాగేంద్రమ్మ మామ్మ చెప్పింది, కాసేపు కూర్చోండి అను. కొనమాకు అని ఆమె నొక్కటం, కుదిరిందని ఆడు అరవటం, గిత్త తల నాకుతుంటే క్షమాపణ చెప్పటం, వెల్లకిలా చెయ్యి పెట్టి ఊరికే ఉండటం, ఏదీ వదలకుండా చెప్పు. మర్చిపోతావేమో, ఏదీ, ఆ షాపు కాడ మొదలుపెట్టి ఒకసారి నాకే చెప్పు చూద్దాం.